విలియం రాక్స్‌బర్గు

బందరు అద్దకపు వస్త్రములకు ఎఱుపు రంగు పూర్వము చిరివేరు నుండి లభించెడిది. ఇసుక నేలలలో పెరుగు ఆ చిన్న మొక్కను సవిస్తరముగా వర్ణించి, బొమ్మతో సహా ప్రకటించిన పండితుడు విలియం రాక్స్‌బర్గు.

ఆయన 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్టణము చేరి, 1781 నుండి సామర్లకోటలో మొక్కలను పెంచి పరిశీలించుచుండెను. 1787లో గోదావరి తీరమున గొప్ప ఉప్పెన వచ్చెను. ఆయన గ్రంథములు, వ్రాతలు, ఎండబెట్టి దాచిన మొక్కలు నీటిపాలయ్యెను. మఱియొకరైనచో స్వదేశమునకు ఓడ యెక్కియుందురు. ఆయన మాత్రము మరల మొదటి నుండి ఆరంభించెను. దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. మొక్కల తెలుగు పేర్లను అడిగి తెలిసికొని వ్రాసికొనెను. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియయ్యెను. 1795లో వెలువడనారంభించిన ఆయన కోరమండల తీరపు వృక్షగ్రంథములో, మొదటి సంపుటమునందే చిరివేరు కలదు. 1815లో ఎడింబరోలో మరణించెను.

నేడు పాత వస్త్రమును పరీక్షించువారు చిన్న నూలుపోగు నుండి రంగును కరగించి, అందలి పదార్థములను వేరుచేయుదురు. దానిని పోల్చి చూచుటకు అసలు మొక్క యేదో నిశ్చయముగా తెలియవలయును గదా! చిరివేరులో అలిజరిన్ ఉండును, పర్ప్యూరిన్ ఉండదు. మంజిష్ఠలో పర్ప్యూరిన్ ఉండును. కృత్రిమమగు అలిజరిన్ తయారీ 1869లో తెలిసినది. కావున రాక్స్‌బర్గు కాలమునాటిదని చూపిన గుడ్డకు మొదటి నుండియు ఆ కృత్రిమ రంగే అద్దియున్నచో, ఆ మాట బొంకు. అయితే చిరివేరు కనబడినంత మాత్రమున గుడ్డ ప్రాచీనమని నమ్మరాదు. ఆ వేరుతో అద్దకము తరువాత కూడ సాగినది.