తూకం తగ్గితే తగ్గిందనే రాశాడు

మా అడ్డతీగల చుట్టూ ఉన్న తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైట్. ఈ కనుమల రాళ్లు కోట్ల ఏళ్లుగా అరుగుతుంటే, వాగులూ నదులూ ఆ పొడిని సముద్రం దాకా మోస్తున్నాయి. భీమిలి బీచ్‌లో నల్లగా మెరిసే ఇసుక అలా వచ్చిందే. అందులో ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ ఉంటాయి. అంటే టైటానియం, జిర్కోనియం, సీరియం, కాస్త యురేనియం కూడా. ఈ నాలుగింటి కథలోనూ ఒకే మనిషి ఉన్నాడని తెలిసి ఆశ్చర్యపోయాను. ఆయనే మార్టిన్ హైన్‌రిహ్ క్లాప్రోత్.

1743లో జర్మనీలోని వెర్నిగెరోడేలో ఒక దర్జీ ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే ఇల్లు కాలిపోయింది. యూనివర్సిటీ చదువు లేదు. పదహారేళ్లకే మందుల షాపులో పని నేర్చుకోవడానికి చేరాడు. బెర్లిన్‌లో యజమాని చనిపోతే ఆ షాపునీ, ఆయన పిల్లల్నీ తనే చూసుకున్నాడు. 1780లో సొంత షాపు పెట్టుకుని, దాన్నే ల్యాబ్‌గా మార్చుకున్నాడు.

1789లో సిలోన్ నుంచి వచ్చిన జిర్కాన్‌ని పొడి చేసి, క్షారంతో వేడిచేసి, అప్పటిదాకా ఎవరికీ తెలియని ఒక తెల్లటి ఆక్సైడ్‌ని బయటికి తీశాడు. యురేనియం కూడా ఆ ఏడాదే కనుక్కున్నాడు. 1795లో టైటానియంకి పేరు పెట్టాడు. ఇంగ్లండ్‌లో గ్రెగర్ దాన్ని తనకంటే ముందే చూశాడని తేలాక క్రెడిట్ ఆయనకే ఇచ్చేశాడు. 1803లో సీరియంని స్వీడన్ వాళ్లూ, ఈయనా విడివిడిగా కనుక్కున్నారు.

నాకు బాగా నచ్చింది వేరే సంగతి. రాయిని విడగొట్టి తూచినప్పుడు మొత్తం వందకి రాకపోతే ఆ రోజుల్లో చాలామంది లెక్క సర్దేసేవాళ్లు. క్లాప్రోత్ మాత్రం తగ్గినా, పెరిగినా వచ్చిన అంకెనే అచ్చువేయించేవాడు. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పక్కవాడి బ్యూరెట్ రీడింగ్ చూసి నాది మార్చుకున్నవాణ్ని నేను. ఇది చదివి సిగ్గేసింది.

అంత జాగ్రత్తపరుడికీ ఒకటి దొరకలేదు. జిర్కోనియంలో ఎప్పుడూ దాక్కుని ఉండే హాఫ్నియం 1923లో గానీ బయటపడలేదు. అది న్యూట్రాన్లని మింగేస్తుంది. అందుకే హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో దాన్ని వేరుచేశాకే, మిగిలిన జిర్కోనియంతో రియాక్టర్ గొట్టాలు చేస్తారు. ఆ గొట్టాల్లో నింపేది యురేనియం. ఒకే ఏడాది కనుక్కున్నవి రెండూ అక్కడ కలుసుకుంటాయి. ప్రపంచంలో తీసే జిర్కాన్‌లో ఎక్కువ భాగం మాత్రం టైల్స్, వాష్‌బేసిన్‌ల తెలుపుకే పోతుంది.

1810లో కొత్తగా పెట్టిన బెర్లిన్ యూనివర్సిటీలో మొదటి కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యాడు. 1817 జనవరి 1న చనిపోయాడు. జిర్కోనియంని లోహంగా వేరుచేసింది 1824లో. అంటే ఆయన చూసింది తెల్ల పొడిని, దాని తూకాన్ని మాత్రమే.

ఇప్పుడు నా ప్రోగ్రామ్ టెస్ట్‌లో ఫెయిలైతే, రికార్డులో ఫెయిల్ అనే రాస్తున్నాను. మార్కులు తగ్గాయి కూడా.