కార్బెట్ చేతి తుపాకి

కొండలలో వేటకు బయలుదేరువాడు అన్నిటికంటె ముందు తేల్చుకొనవలసినది తన భుజమున ఏ తుపాకి ఉండవలెనను సంగతి. బరువైన తుపాకి పెద్ద మృగమును ఒక్క దెబ్బతో కూల్చగలదు. కాని నిలువు చరియలపై నాలుగు క్రోసులు నడచునప్పటికి దానిని మోసినవాని చేయి వణకును. తేలిక తుపాకి ఎంత దూరమైనను వెంట వచ్చును. కాని గుఱి తప్పినచో క్షమింపదు. ఏనుగు అంబారీపై కూర్చుండి వేటాడిన రాజులకును దొరలకును ఈ చిక్కు లేదు. కుమావూ పర్వతములలో కాలినడకను, తఱచుగా ఒంటరిగా, తిరిగిన జిమ్ కార్బెట్‌ను ఈ ప్రశ్న జీవితమంతయు వెన్నాడెను.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25వ తేదీన నైనితాల్‌లో జన్మించెను. తండ్రి అచ్చటి పోస్టుమాస్టరు. కుమారునికి ఆరేండ్లు నిండుకాలమున ఆయన గతించెను. కుటుంబము పెద్దది, రాబడి స్వల్పము. వేసవి నైనితాల్‌లోను, చలికాలము కొండల దిగువనున్న కాలాధూంగీలోను గడచుచుండెను. రబ్బరు ఉండేలుతో ఆరంభమైన బాలుని వేట, మొనగుండ మందు దట్టించి పేల్చు ఒక పాత జోడుగొట్టాల తుపాకితో కొనసాగెను. దాని కుడిగొట్టము పగిలిపోయినది. తుపాకిని ఇత్తడి తీగెతో బిగించి కట్టిరి. పనికివచ్చునది ఎడమగొట్టము ఒక్కటే. ఆ ఒక్క దెబ్బ తప్పినచో మరల మందు దట్టించువఱకు ఏ మృగమును ఆగియుండదు.

పదియేండ్ల ప్రాయమున పాఠశాల విద్యార్థుల సైనికదళమున చేరినపిదప అతనికి .450 మార్టినీ రైఫిలు ఒకటి ఎరువుగా లభించెను. అదియు ఒక్కొక్క తూటానే పెట్టి పేల్చవలసినది. భుజమును గట్టిగా తన్నునది. దానితోనే అతడు తన మొదటి చిఱుతను కొట్టెను. తూటాలను లెక్కపెట్టుకొనవలసిన లేమియే ఆ బాలునకు తొలిగురువయ్యెను. చేరువకు పోనిదే కాల్చరాదు, తగులునని నమ్మకము కుదరనిదే మీట నొక్కరాదు అను నియమములు అతనికి అప్పుడే అలవడెను.

యౌవనారంభమున కార్బెట్ రైల్వే కొలువున చేరి, తరువాత మొకామా ఘాట్‌లో గంగ దాటించు సరకుల కూలిపనికి గుత్తదారుగా రెండు దశాబ్దములకు పైగా గడపెను. సెలవులలో మాత్రము కుమావూకు వచ్చుచుండెను. అట్టి కాలముననే, 1907లో, చంపావత్ పులిని వధించు బాధ్యత ఆయనపై పడెను. ఆ ఆడపులి నేపాలులో సుమారు 200 మందిని, కుమావూలో 236 మందిని పొట్టన పెట్టుకొన్నదని లెక్క.

ఆనాడు ఆయన చేతనున్నది .500 జోడుగొట్టాల రైఫిలు. వెంట నున్నవి మూడే తూటాలు. మూడును అయిపోయినవి. పులి గాయపడియు కూలలేదు. కార్బెట్ పరుగెత్తిపోయి, వేటకు తోడువచ్చిన తహసీలుదారు చేతి తుపాకిని అందుకొనెను. దాని గొట్టములకును వెనుకదిమ్మకును నడుమ వెలుతురు కనబడునంత సందు కలదు. గత్యంతరము లేక దానితోనే పులి నోటికి గుఱిచూచి కాల్చగా గుండు పోయి పంజాకు తగిలెను. పులి అప్పటికే కొనయూపిరితో నుండుటచేత అపాయము తప్పెను.

కళేబరమును పరీక్షింపగా అసలు సంగతి బయటపడెను. పులి కుడివైపున పైకోర సగమునకు విఱిగియుండెను. క్రిందికోర మొదలంటను పోయినది. అది పాత తుపాకిదెబ్బ. ఎవడో వేటగాడు సరిగా గుఱిచూడక కాల్చి, గాయపడిన పులిని వెదకి చంపక విడిచిపోయెను. సహజమైన వేటకు శక్తి చాలని ఆ పులి మనుష్యులపై పడెను. అప్పటినుండి కార్బెట్‌కు తుపాకి ఎంపిక వేడుకకు చెందిన విషయము కాదు. వేటగాడు చేసిన తప్పునకు శిక్ష అనుభవించునది వేటగాడు కాడనియు, గడ్డికోయుటకు అడవికి పోవు పల్లెపడుచు అనియు ఆయన కన్నులార చూచెను.

ఆ పులిని వధించినందుకు సంయుక్తరాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ ఆయనకు రిగ్బీ కంపెనీవారి .275 రైఫిలును బహూకరించెను. దాని తూటా జర్మనుల 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాయే. 1899 మొదలు 1902 వఱకు జరిగిన దక్షిణాఫ్రికా యుద్ధమున బోయర్లు ఆ తూటాతోనే దూరమునుండి ఆంగ్ల సైనికులను ముప్పుతిప్పలు పెట్టిరి. గుండు సన్నము, పొడవు, వడి ఎక్కువ; తుపాకి తేలిక.

కొండలలో ఈ గుణముల విలువ తెలియును. లోయకు ఆవలి చరియపై నిలిచిన మృగము ఎన్ని గజముల దూరమున నున్నదో కన్ను సరిగా చెప్పలేదు. గుండు వంగక సూటిగా పోవునదైనచో అంచనాలో కొంత పొరపాటు వచ్చినను నష్టము లేదు. నిటారుగా పైకి గాని క్రిందికి గాని కాల్చినపుడు గుండు గుఱికంటె ఎగువన తగులును. కొండవేటగాడు ఆ తేడాను కూడ తీసివేసుకొనవలెను. శిలలపై గంతులిడు గోరల్ అను మేకజాతి మృగమును అనుచరుల ఆహారమునకై కొట్టుటకు కార్బెట్ .275 రైఫిలునే వాడెను. భుజములపై డాలువంటి దళసరి చర్మముగల మగ అడవిపందికిని వెడల్పుగుండుకంటె లోతుగా దూసుకొనిపోవు పొడవుగుండే మేలు.

అట్లని ఆయన తేలికతుపాకినే నమ్మి యుండలేదు. పులులకొఱకు బరువైన .450/400 జోడురైఫిలు నుంచుకొనెను. మొదటి దెబ్బకు పులి పడనిచో, మరల తూటా ఎక్కించు పని లేకయే రెండవ దెబ్బ వెంటనే సిద్ధముగా నుండుట దాని సుగుణము. ఏ పనికి ఏది తగునో ఎఱుగుటయే ఆయన పద్ధతి.

1930 ఏప్రిల్ 11న జరిగిన సంగతి ఈ ఎంపికకు పరీక్ష వంటిది. 64 మందిని బలిగొన్న చౌగఢ్ ఆడపులిని వెదకుచు కార్బెట్ ఒక వాగులోయలోకి దిగెను. దారిలో ఒక పక్షిగూటిలోని వింతరంగు గ్రుడ్లు రెండింటిని ఎడమచేత పట్టుకొనెను. పెద్దరాతిపలకను దాటి వెనుకకు చూడగా ఎనిమిదడుగుల దూరమున పులి పొంచియుండెను. చటుక్కున కదలినచో అది పైకి దుముకును. ఒక్క కుడిచేతితో రైఫిలును మెల్లమెల్లగా, ముప్పాతిక చుట్టు త్రిప్పి కాల్చెను. బరువైన జోడురైఫిలును అట్లు ఒంటిచేతితో త్రిప్పుట అసాధ్యము. ఆనాడు చేతనున్నది .275. పులి కూలినపిదప గ్రుడ్లను తిరిగి గూటిలో నుంచెను. తల్లిపిట్ట వచ్చి వాటిపై కూర్చుండెను.

ఇంతటి గుఱికాడు తన పల్లెలో పంటలను పాడుచేయు అడవిపందులకు తుపాకిని మందుగా తలపలేదు. కాలాధూంగీ చెంత చోటీ హల్ద్వానీ గ్రామము చుట్టును రాతిగోడ కట్టించెను. పందులును జింకలును వెలుపల నిలిచినవి. పైరు లోపల దక్కినది. ఆ గోడభాగములు నేటికిని కలవు. వయసు మీఱినకొలది తుపాకిని విడిచి చలనచిత్రపు కెమెరాను చేపట్టెను; మనుష్యభక్షకములు బయలుదేరినప్పుడు మాత్రము తుపాకి పట్టుచుండెను. 1938లో, అఱువదిమూడేండ్ల వయసున, థాక్ పులిని చంపినది అట్టి అక్కఱ వలననే.

1947లో ఆయన సోదరి మ్యాగీతో కూడ కెన్యాకు తరలిపోయి, 1955 ఏప్రిల్ 19న న్యేరీలో కన్నుమూసెను. 1936లో ఏర్పడిన హేలీ జాతీయోద్యానమునకు 1957లో కార్బెట్ పేరు పెట్టిరి. ఆయన .275 రైఫిలు 2015లో దానిని తయారుచేసిన కంపెనీకే తిరిగి చేరెను. 2016లో ఒకమారు కుమావూకును వచ్చెను. దానిపై నున్న వెండిరేకున బహూకరించినవారి పేరును, చంపావత్ పులి ప్రసక్తియు చెక్కబడియున్నవి. ఆ పులి కోరలు విఱుగగొట్టి, వెదకక ఇంటికి పోయిన వేటగాని పేరు మాత్రము ఏ రేకుమీదను లేదు.