పాఠం 12: వేళ్ళు మొరాయించిన వేళ (జాక్విలిన్ డు ప్రే జీవితం)

పాఠ పరిచయం

ఈ పుస్తకం చదువుతున్న మీలో కొందరు సూరత్ జిల్లాలోని జోల్వాలోనో, ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనో ఉంటున్నారు. మీ తాతలో తండ్రులో బట్టల పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి అక్కడికి వచ్చి ఉంటారు. మగ్గం దగ్గర పనిచేసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. పోగు బిగువు ఎంత ఉందో కంటికన్నా ముందు వేలికి తెలుస్తుంది. చేతి స్పర్శలోనే సగం పనితనం ఉంటుంది. మరి ఒకనాటి ఉదయం ఆ వేళ్ళకు స్పర్శ తెలియకుండా పోతే? చెయ్యి ఉంది, వేళ్ళు ఉన్నాయి, పని వచ్చు. కాని చెయ్యి మాట వినదు. అప్పుడు మనిషి ఏం చేయాలి?

ఈ పాఠంలో మీరు అటువంటి కష్టం వచ్చిన ఒక సంగీత కళాకారిణి జీవితాన్ని చదువుతారు. ఆమె పేరు జాక్విలిన్ డు ప్రే. ఆమెది ఇంగ్లండు. ఆమెకు వచ్చిన జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. దీనిని పొట్టిగా ఎం.ఎస్. అంటారు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• జాక్విలిన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• ఎం.ఎస్. అంటే ఏమిటో సులభంగా వివరించగలుగుతారు.
• ఈ జబ్బు ఉన్నవారు తమకు ఇష్టమైన కళను, వ్యాపకాన్ని ఎలా నిలుపుకోవచ్చో సలహా ఇవ్వగలుగుతారు.

1. రేడియోలో విన్న ధ్వని

జాక్విలిన్ 1945 జనవరి 26న ఆక్స్‌ఫర్డ్ నగరంలో పుట్టింది. తల్లి ఐరిస్ పియానో వాయించేది, పిల్లలకు సంగీతం నేర్పేది. జాక్విలిన్‌కు ఇంకా ఐదేళ్ళు నిండలేదు. ఒకరోజు రేడియోలో ఒక వాద్యం వినబడింది. ఆ ధ్వని పాపకు ఎంతో నచ్చింది. తనకు అదే కావాలని తల్లిని అడిగింది. ఆ వాద్యం పేరు చెలో.

చెలోను మీరు చూసి ఉండకపోవచ్చు. వయొలిన్ మాత్రం తెలుసు కదా! మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు వాయించిన వాద్యం అది. చెలో కూడా ఆ కుటుంబానికి చెందినదే. కాని చాలా పెద్దది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలిపి వాయించాలి. ఎడమచేతి వేళ్ళతో తీగలు నొక్కుతూ, కుడిచేత్తో కమాను లాగాలి. ధ్వని మగవారి గొంతులా గంభీరంగా ఉంటుంది.

తల్లి కూతురి కోసం చిన్న చిన్న పాటలు కట్టేది. ఆ కాగితాల మీద బొమ్మలు వేసి, పాప నిద్రపోయాక తలగడ కింద పెట్టేది. పొద్దున లేవగానే పాప వాటిని వెతుక్కుని వాయించేది. చదువు ఆటలా మొదలైతే ఎంత గట్టిగా పట్టుబడుతుందో దీనివల్ల మనకు తెలుస్తుంది.

పదేళ్ళ వయసులో ఆమె విలియం ప్లీత్ అనే గురువు దగ్గర చేరింది. 1961 మార్చిలో, పదహారేళ్ళకే, లండన్‌లోని విగ్‌మోర్ హాలులో మొదటి పెద్ద కచేరీ చేసింది.

2. పేరు తెచ్చిన రచన

ఇంగ్లండుకు చెందిన ఎల్గార్ అనే స్వరకర్త 1919లో చెలో కోసం ఒక రచన చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం అది. అందుకే కాబోలు, ఆ సంగీతంలో విషాదం నిండి ఉంటుంది. జాక్విలిన్ 1962లో మొదటిసారి లండన్ సభలో దానిని వాయించింది. 1965లో బార్బిరోలీ అనే సంగీత నిర్వాహకుడితో కలిసి రికార్డు చేసింది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఏళ్ళు. ఇప్పటికీ ఆ రచన పేరు చెప్పగానే చాలామందికి ఆమె రికార్డే గుర్తుకు వస్తుంది.

1967 జూన్‌లో జెరూసలేంలో డేనియల్ బేరెన్‌బాయిమ్ అనే పియానో కళాకారుడిని పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ దేశదేశాల్లో కలిసి కచేరీలు చేశారు.

1969లో లండన్‌లో జరిగిన ఒక కచేరీ గురించి మీరు తెలుసుకోవాలి. షూబర్ట్ రాసిన ఒక రచనను ఐదుగురు మిత్రులు కలిసి వాయించారు. దానిని సినిమాగా కూడా తీశారు. ఆ ఐదుగురిలో ఒకరు బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా. మరొకరు ఇజాక్ పెర్ల్‌మన్. నాలుగేళ్ళ వయసులో పోలియో వచ్చి పెర్ల్‌మన్ కాళ్ళు దెబ్బతిన్నాయి. ఆయన చంకకర్రల సాయంతో వేదిక మీదికి వచ్చి, కూర్చుని వయొలిన్ వాయిస్తాడు. ఆ రోజు ఆయన పక్కన నవ్వుతూ వాయించిన జాక్విలిన్‌కు తన శరీరం కూడా త్వరలో ఎదురు తిరుగుతుందని తెలియదు.

ఆగి ఆలోచించండి: తల్లి పాటల కాగితాలను తలగడ కింద ఎందుకు పెట్టేది? మీరు మీ పిల్లలకు ఏదైనా నేర్పాలంటే ఏ పద్ధతి ఎంచుకుంటారు?

3. తెలియని జబ్బు

1971లో ఆమె వేళ్ళలో స్పర్శ తగ్గడం మొదలైంది. ఒంట్లో విపరీతమైన అలసట. కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ తిరగబెట్టేది. మనసు మీద ఒత్తిడి ఎక్కువై ఇలా జరుగుతున్నదని మొదట్లో అనుకున్నారు. తన లోపమే కాబోలని ఆమె కూడా బాధపడింది. ఎం.ఎస్. వచ్చిన చాలామంది అనుభవం ఇదే. పైకి ఏ గాయమూ కనబడదు. అందుకే ఇంట్లోవారు బద్ధకమనుకుంటారు, పనిచేసేచోట సాకు అనుకుంటారు.

1973 ఫిబ్రవరిలో లండన్‌లో జుబిన్ మెహతా నిర్వహణలో ఆమె ఎల్గార్ రచనను మళ్ళీ వాయించింది. అక్కడ అదే చివరిసారి. అదే నెలలో న్యూయార్క్ వెళ్ళింది. వాద్యం పెట్టె మూత తీయడమే కష్టమైంది. చేతిలో కమాను బరువు ఎంతో తెలియలేదు. వేళ్ళు ఏ తీగ మీద ఉన్నాయో స్పర్శకు అందక, కళ్ళతో చూసుకుంటూ వాయించింది. నాలుగు కచేరీలకు ఒప్పుకున్నది, మూడే చేయగలిగింది. ఆ తరువాత ఆమె మళ్ళీ సభలో చెలో వాయించలేదు.

1973 అక్టోబరులో వైద్యులు జబ్బు పేరు చెప్పారు. మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆమెకు అప్పుడు 28 ఏళ్ళు.

4. ఎం.ఎస్. అంటే ఏమిటి?

కరెంటు తీగను గుర్తు తెచ్చుకోండి. లోపల రాగి తీగ, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. మన నరాల పోగులకు కూడా అటువంటి తొడుగు ఉంది. దాని పేరు మైలిన్. బయటి రోగక్రిములతో పోరాడవలసిన మన శరీర రక్షణ వ్యవస్థ, ఎం.ఎస్. ఉన్నవారిలో పొరపాటున ఈ తొడుగు మీదే దాడి చేస్తుంది. మెదడులో, వెన్నుపాములో అక్కడక్కడ తొడుగు దెబ్బతింటుంది. అప్పుడు మెదడు పంపిన ఆజ్ఞ చేతికో కాలికో సరిగా చేరదు.

ఏ చోట దెబ్బతిన్నదనే దానిని బట్టి లక్షణాలు ఉంటాయి. ఒకరికి చూపు మసకబారుతుంది. ఒకరికి తిమ్మిరి. ఒకరికి నడక తడబడుతుంది. అలసట మాత్రం చాలామందికి ఉంటుంది. సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపమూ కాదు, ఎవరి దృష్టి తగలడం వల్లా రాదు.

జాక్విలిన్ కాలంలో ఈ జబ్బు వేగాన్ని తగ్గించే మందులు లేవు. అటువంటి మొదటి మందుకు 1993లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు చాలా రకాలు ఉన్నాయి. జబ్బును పూర్తిగా నయం చేయలేకపోయినా, దాడులను తగ్గించగలవు. అందుకే తిమ్మిరి, చూపు మసక, నడకలో తూలు రోజుల తరబడి ఉంటే నరాల వైద్యుడికి చూపించాలి.

5. వాయించలేనివారు ఏం చేయగలరు?

ఇప్పుడు ఈ పాఠంలో అసలు ప్రశ్నకు వద్దాం. ఐదో ఏట నుంచి పట్టుకున్న వాద్యం చేజారిపోయింది. ఆమెకు ఇంక ఏం మిగిలింది?

చెవి మిగిలింది. సంగీతం గురించి తెలిసినదంతా మిగిలింది. గొంతు మిగిలింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని శిష్యులకు పాఠాలు చెప్పింది. తాను వాయించి చూపలేదు కనుక, మాటలతో చెప్పింది, పాడి చూపింది. ఆమె పాఠాలను టెలివిజన్ ద్వారా కూడా ప్రజలు చూశారు. ప్రొకోఫీవ్ అనే రష్యా స్వరకర్త పిల్లల కోసం చేసిన పీటర్, తోడేలు కథకు ఆమె వ్యాఖ్యాతగా కథ చెప్పింది. వెనుక వాద్యాలు మోగుతుంటే, ఈసారి ఆమె వంతు మాటలు. 1976లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను ఓ.బి.ఇ. బిరుదుతో గౌరవించింది.

ఇంతటితో అంతా సుఖాంతమైందని అనుకోకండి. జబ్బు ఆగలేదు. చేతులు పూర్తిగా స్వాధీనం తప్పాయి. చివరి సంవత్సరాల్లో మాట కూడా కష్టమైంది. ఒంటరితనం బాధించింది. 1987 అక్టోబరు 19న, 42వ ఏట, లండన్‌లో ఆమె మరణించింది. కళ జబ్బును నయం చేయలేదు. అలా చెబితే అబద్ధమవుతుంది. కాని ఆ పద్నాలుగేళ్ళలో ఎన్నో రోజులకు కళ ఒక పని ఇచ్చింది, ఎదురుచూడటానికి ఒక శిష్యుడిని ఇచ్చింది. మంచం పట్టిన మనిషికి అది చిన్న విషయం కాదు.

ఆమె వాయించిన వాద్యాల్లో ఒకటి స్ట్రాడివేరియస్ 1712లో తయారు చేసిన చెలో. ఆమె తరువాత అది యో-యో మా అనే ప్రసిద్ధ కళాకారుడి చేతికి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆమె పేరుతో ఒక సంగీత భవనం 1995లో ప్రారంభమైంది.

6. మీ ఇంట్లో, మీ వీధిలో

మీకు గాని, మీ వారికి గాని ఈ జబ్బు ఉంటే, ఇష్టమైన పనిని పూర్తిగా వదిలేయకండి. దానిని చేసే తీరు మార్చుకోండి. కొన్ని సూచనలు చూడండి.

• అలసట తక్కువగా ఉండే వేళ ఎంచుకోండి. చాలామందికి అది ఉదయం. పావుగంట పని, ఆ తరువాత విశ్రాంతి. అలసట వచ్చాక ఆపడం కాదు, రాకముందే ఆపాలి.
• వేడి తగిలితే ఎం.ఎస్. లక్షణాలు కొంతసేపు ఎక్కువవుతాయి. సూరత్ ఎండల్లో రేకుల గదిలో కూర్చుని కుట్టుపని చేయకండి. నీడలో, గాలి తగిలేచోట కూర్చోండి. మెడకు తడిగుడ్డ చుట్టుకోండి.
• పట్టు జారితే పెన్సిలుకు, కుంచెకు, సూదిపిడికి గుడ్డ చుట్టి లావు చేయండి.
• వంగి నేల మీద ముగ్గు వేయలేనివారు బల్ల మీద కాగితం పెట్టి వేయవచ్చు. సన్న సూదితో కుట్టలేనివారు పెద్ద కన్నాల గుడ్డ మీద లావు దారంతో కుట్టవచ్చు.
• చెయ్యి బొత్తిగా సాగనప్పుడు నోటితో చేసే పనులు ఉన్నాయి. పాట పాడటం, పిల్లలకు కథ చెప్పడం, తెలిసిన పనిని ఇంకొకరికి నేర్పడం. నాన్నకు తెలిసిన నేత మెళకువలు, అమ్మకు తెలిసిన బతుకమ్మ పాటలు చెబుతుంటే మీరు రాసి పెట్టవచ్చు. మీరు నేర్చుకున్న తెలుగుకు ఇంతకంటే మంచి ఉపయోగం ఏముంది?

ఇంకొక సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడా ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉందని ధృవపత్రం పొందినవారికి చట్టప్రకారం కొన్ని ప్రత్యేక సౌకర్యాలు వర్తిస్తాయి. ఈ జబ్బు ఉన్నవారి కోసం మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985 నుంచి పనిచేస్తోంది.

మీరు ఏం నేర్చుకున్నారు?

జాక్విలిన్ డు ప్రే బాల్యంలోనే చెలో నేర్చి, ఇరవై ఏళ్ళకే ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 28వ ఏట ఆమెకు ఎం.ఎస్. ఉన్నట్లు తేలింది. వాయించలేకపోయినా బోధన ద్వారా, కథ చెప్పడం ద్వారా సంగీతంతో సంబంధం నిలుపుకుంది. ఒక దారి మూసుకుపోయినప్పుడు, అదే ఊరికి ఇంకొక దారి ఉందేమో వెతకాలని ఆమె జీవితం మనకు చెబుతుంది.

మాటలు - అర్థాలు

కమాను: వయొలిన్ వంటి వాద్యాలను పలికించే విల్లు వంటి సాధనం
స్వరకర్త: సంగీత రచన చేసేవారు
వ్యాపకం: ఇష్టంతో చేసే పని
స్వాధీనం తప్పు: మన అదుపులో లేకుండా పోవు

అభ్యాసం

1. నరాల తొడుగును కరెంటు తీగ తొడుగుతో ఎందుకు పోల్చారు? మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి.
2. 1961, 1965, 1973, 1987 సంవత్సరాల్లో జాక్విలిన్ జీవితంలో ఏం జరిగిందో వరుసగా రాయండి.
3. మీ ఇంట్లో పెద్దవారికి వచ్చిన ఒక చేతిపని గురించి అడిగి తెలుసుకోండి. వారు చెప్పింది చెప్పినట్లు ఒక పేజీ రాసి, వారికి చదివి వినిపించండి.