డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి కాన్సరు సేవ

ఉమ్మడి మదరాసు రాష్ట్రమున స్త్రీజనాభ్యుదయమునకు పాటుపడినవారిలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు అగ్రగణ్యులు. దేవదాసీ విధానమును రూపుమాపుటకై శాసనమండలిలో వారు సలిపిన పోరాటము లోకవిదితము. కాన్సరు రోగులకై వారు చేసిన సేవ మాత్రము తెలుగువారిలో అంతగా ప్రచారము పొందలేదు. ఈ వ్యాధిని ఎదుర్కొనుటకు వైద్యునితోపాటు సంఘసేవకుడును కావలెనని వారి జీవితము చాటుచున్నది.

ముత్తులక్ష్మిగారు 1886 జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించిరి. తండ్రి నారాయణస్వామి అయ్యరుగారు కళాశాలాధ్యక్షులు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబమున పుట్టినవారు. మహారాజుగారి అనుమతితో బాలుర కళాశాలలో చదివి, 1907లో మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించి, 1912లో పట్టము పొందిరి. 1914లో డాక్టరు సుందరరెడ్డిగారిని వివాహమాడిరి.

1923లో వారి చెల్లెలు కాన్సరుతో మరణించెను. తాము వైద్యులై యుండియు తోబుట్టువును దక్కించుకొనలేకపోయిరి. ఆ దుఃఖము వారిని జీవితాంతము విడువలేదు. 1925లో ఉన్నతవిద్యకై ఇంగ్లండు వెళ్ళినపుడు, కాన్సరు చికిత్సకే ప్రత్యేకింపబడిన ఆసుపత్రిని లండనులో చూచిరి. అట్టిది మన దేశమునను వెలయవలెనని సంకల్పించిరి.

సంకల్పము సిద్ధించుటకు దాదాపు మూడు దశాబ్దములు పట్టెను. ఈలోగా శాసనమండలిలో తొలి మహిళాసభ్యులై, ఉపాధ్యక్షపదవి నలంకరించి, ఉప్పు సత్యాగ్రహకాలమున 1930లో ఆ సభ్యత్వమును త్యజించిరి. దిక్కులేని బాలికల కొరకు అవ్వై ఇల్లమును నెలకొల్పిరి.

రాచపుండు సోకినచో మృత్యువే శరణ్యమని జనులు నమ్మిన కాలమది. దానికై ధనము వెచ్చించుట వ్యర్థమని తలచినవారును కలరు. అయినను వారు వెనుదీయక, భారత మహిళాసంఘము పక్షమున 1949లో కాన్సరు సహాయనిధిని ప్రారంభించి విరాళములు కూర్చిరి. 1952 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూగారు అడయారులో శంకుస్థాపన చేసిరి. 1954 జూన్ 18వ తేదీన 12 పడకలతో కాన్సరు ఇన్‌స్టిట్యూట్ ఆరంభమయ్యెను. వైద్యభారమును వారి కుమారులు డాక్టరు కృష్ణమూర్తిగారు వహించిరి. మరుసటి యేట చేరిన డాక్టరు శాంతగారు 2021లో మరణించువరకు ఆ సంస్థకే జీవితము నంకితము చేసిరి.

ఆ దినములలోనే, 1953లో, రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు ఢిల్లీలో కేంద్ర సాంఘిక సంక్షేమమండలికి ప్రథమాధ్యక్షులైరి. మదరాసు రాష్ట్రమండలికి ముత్తులక్ష్మిగారు అధ్యక్షత వహించిరి. 1956లో పద్మభూషణ బిరుదమును పొంది, 1968 జూలై 22వ తేదీన వారు పరమపదించిరి.

కాన్సరు చికిత్స ఒక దినముతో ముగియునది కాదు. రేడియేషను చికిత్సకై పలుమారు వారముల తరబడి ప్రతిదినము ఆసుపత్రికి పోవలసియుండును. పొరుగూరివానికి బస కావలెను. కూలివానికి పోయిన కూలి చింత. తల్లికి ఇంటనున్న పిల్లల చింత. నొప్పి తగ్గినంతనే చికిత్సను నడుమ మానువారు కొందరు, బిడియముచే రోగమును దాచువారు కొందరు. రోగికి అర్థమగు మాటలతో విషయము బోధించుట, సహాయనిధుల జాడ తెలుపుట, మానినవానిని వెదకి మరల పిలిచికొని వచ్చుట సంఘసేవకుని పని. ఔషధము ఫలించుటకు ఇవి యెల్ల అవసరములే.

ఉద్యోగరీత్యా ఫరీదాబాదు చేరిన తెలుగు కుటుంబములకు ఈ చరిత్ర మిక్కిలి ఉపయుక్తము. స్వగ్రామమునుండి చికిత్సకై వృద్ధులైన తల్లిదండ్రులు ఢిల్లీకి వచ్చినపుడు, హిందీ రాని ఆ పెద్దలకు ఆసుపత్రిలో అన్నియు అగమ్యగోచరములే. కుమారునకు సెలవు దొరకని దినమున పొరుగింటివారొకరు వెంటనుండి, వైద్యుని మాటలను తెలుగులో విప్పిచెప్పి, మరల రావలసిన తేదీని జ్ఞాపకముంచుకొన్నచో అదియు సంఘసేవయే. దానికి బిరుదములు అక్కరలేదు. కొంత తీరిక, కొంత ఓరిమి చాలును.