ష్లీమన్ భాషాభ్యాసం

హోమర్ మహాకవి వర్ణించిన ట్రాయ్ నగరపు శిథిలాలను వెలికితీసినవాడుగా హైన్రిష్ ష్లీమన్ లోకప్రసిద్ధుడు. ఆ తవ్వకాలను ఆయన ఏ ప్రభుత్వ ధనంతోనూ సాగించలేదు. సొంత సొమ్ముతోనే వందలాది కూలీలను పెట్టి తవ్వించాడు. ఆ సొమ్ముకు మూలం ఒక భాష. ఆ భాషను ఆయన ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని అద్దె గదిలో, గురువు లేకుండా, మూడు పుస్తకాలతో నేర్చుకున్నాడు. అది రష్యన్ భాష.

ష్లీమన్ 1822 జనవరి 6న ఉత్తర జర్మనీలోని మెక్లెన్‌బుర్గ్ ప్రాంతంలో, నోయ్‌బుకో అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. తొమ్మిదేళ్ల వయసులో తల్లి మరణించింది. తండ్రిపై అపవాదులు చెలరేగడంతో కుటుంబం చెదిరిపోయింది. చదువు 14వ ఏటనే ఆగిపోయింది. ఆ తరువాత ఐదున్నరేళ్లు ఒక కిరాణా దుకాణంలో కొలువు. తెల్లవారుజామున 5 గంటలు మొదలు రాత్రి 11 గంటల వరకు ఉప్పుచేపలు, వెన్న, ఉప్పు, సారాయి అమ్మడమే పని. పుస్తకం తెరవడానికి క్షణం తీరిక లేదు. ఒకనాడు బరువైన పీపా ఎత్తబోగా రొమ్ము అదిరి రక్తం పడింది. దానితో ఆ పనీ పోయింది. 1841లో హాంబర్గ్ రేవు నుంచి వెనిజులాకు బయలుదేరిన ఓడలో పనికుర్రవాడుగా చేరాడు. ఆ ఓడ హాలెండ్ తీరాన తుపానులో బద్దలైంది. ప్రాణాలు దక్కించుకున్న ష్లీమన్ ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు.

అక్కడ ఒక వర్తక సంస్థలో చిన్న ఉద్యోగం దొరికింది. ఏడాదికి 800 ఫ్రాంకుల జీతం. అందులో సగం చదువుకే ఖర్చు చేసేవాడు. అటకమీది గదిలో చలికాలం నిప్పు ఉండేది కాదు, వేసవిలో ఉక్క. ఉదయం రై పిండి జావ, మధ్యాహ్నం ఏదో చౌక భోజనం. యజమాని పనిమీద వీధులలో తిరిగేటప్పుడు కూడా చేతిలో పుస్తకం ఉండేది.

ముందుగా ఇంగ్లీషు, తరువాత ఫ్రెంచి నేర్చుకున్నాడు. ఆయన పద్ధతి ప్రత్యేకమైనది. బిగ్గరగా చదవడం, అనువాదం జోలికి పోకపోవడం, ప్రతిరోజూ ఒక గంట పాఠం, నచ్చిన విషయంపై చిన్న వ్యాసం రాయడం, గురువు దిద్దిన వ్యాసాన్ని కంఠస్థం చేసి మర్నాడు అప్పజెప్పడం. ఆదివారాలు ఇంగ్లీషు చర్చికి వెళ్లి, బోధకుని ప్రతిమాటనూ పెదవులతో మెల్లగా అనుకరించేవాడు. ఫ్రెంచి కోసం ఫెనెలోన్ రచించిన టెలిమాకస్ కథను మొత్తం వల్లెవేశాడు. హోమర్ కావ్యనాయకుని కుమారుని సాహసాలను చెప్పే ఆ గ్రంథం తరువాత రష్యన్‌కూ అక్కరకు వచ్చింది.

1844 మార్చిలో ష్రోడర్ అనే పెద్ద వర్తక సంస్థలో ఉత్తరప్రత్యుత్తరాలు, లెక్కలు చూసే గుమాస్తాగా చేరాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో నీలిమందు వేలం పాటలు జరిగేవి. వాటికి రష్యా వర్తకులు వచ్చేవారు. వారి భాష తెలిసిన గుమాస్తా దొరకడం కష్టం. అందరికీ వచ్చిన భాష తెలిసినవాడు పదిమందిలో ఒకడు. ఎవరికీ రాని భాష తెలిసినవాడు ఒక్కడే. ఈ లెక్క ష్లీమన్‌కు త్వరగానే బోధపడింది.

కాని నేర్పేవారేరీ? నగరంలో ఆ భాష వచ్చినవాడు రష్యా ఉపరాయబారి ఒక్కడే. ఆయన పాఠం చెప్పడానికి అంగీకరించలేదు. ష్లీమన్ పుస్తకాల దుకాణాలన్నీ గాలించి ఒక పాత వ్యాకరణాన్ని, ఒక నిఘంటువును, టెలిమాకస్ కథకు నాసిరకపు రష్యన్ అనువాదాన్ని సంపాదించాడు. కొద్దిరోజులలోనే అక్షరాలు పట్టుబడ్డాయి. ఆపైన అనువాద గ్రంథాన్ని కంఠస్థం చేయసాగాడు. మూలకథ ఫ్రెంచిలో ముందే నోటికి వచ్చి ఉండడం వల్ల ప్రతివాక్యపు భావం ఆయనకు తెలుసు. రష్యన్‌లో దానిని ఎలా చెబుతారన్నది ఒక్కటే తెలియవలసి ఉంది. నాసిరకపు పుస్తకమైనా అది గురువు పని చేసింది.

అయినా గ్రంథం నేర్పలేనివి కొన్ని ఉన్నాయి. రష్యన్ నామవాచకం ఆరు విభక్తులలో రూపం మార్చుకుంటుంది. దానిని వ్యాకరణం చూసి నేర్చుకోవచ్చు. మాటలో ఏ అచ్చుపై ఊనిక ఉంచాలో మాత్రం సాధారణంగా అచ్చులో కనిపించదు. ఒకే విధంగా రాసే మాటను జామక్ అని పలికితే కోట, జమోక్ అని పలికితే తాళం. ష్లీమన్ తన వ్యాసాలను తానే రాసి తానే కంఠస్థం చేశాడు. తప్పులు దిద్దేవారు లేరు. కంఠస్థమైనది అప్పజెప్పడానికి ఎదుట మనిషి లేకపోవడం ఆయనను మరీ బాధించింది.

అందుకు ఆయన చేసిన ఏర్పాటు విడ్డూరమైనది. వారానికి నాలుగు ఫ్రాంకులిచ్చి ఒక పేద యూదుని కుదుర్చుకున్నాడు. అతడు ప్రతి సాయంకాలం వచ్చి రెండు గంటలు కూర్చుని, ష్లీమన్ అప్పజెప్పే టెలిమాకస్ కథను వినాలి. ఆ మనిషికి రష్యన్‌లో ఒక్క ముక్క తెలియదు. తప్పు పట్టలేడు, మెచ్చుకోలేడు. అయినా ఎదుట రెండు కళ్లు తనను చూస్తుంటే గొంతుకు ధైర్యం వచ్చేది. ఇళ్లేమో పలుచని చెక్క అంతస్తులవి. పై అంతస్తులో మాట కింది అంతస్తుకు వినబడేది. ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేయగా రెండుసార్లు గది మారవలసి వచ్చింది. అభ్యాసం మాత్రం ఆగలేదు.

ఆరువారాలు గడిచేసరికి, మాస్కో నీలిమందు వర్తకులైన మల్యూతిన్ సోదరుల ప్రతినిధి ప్లోత్నికోవ్‌కు లండన్ చిరునామాతో తొలి రష్యన్ ఉత్తరం రాశాడు. వేలానికి వచ్చిన వర్తకులతో వారి భాషలోనే మాట్లాడాడు. ఇదంతా ష్లీమన్ 1880లో వెలువడిన తన గ్రంథంలో స్వయంగా చెప్పుకున్న వృత్తాంతం. ఆయన ఆత్మకథలో అతిశయోక్తులున్నాయని 1970ల నుంచి పరిశోధకులు నిరూపిస్తూ వచ్చారు. కాబట్టి ఆరువారాల మాటను కొంత తగ్గించి చదువుకోవడం మేలు. అయితే 1846లో ష్రోడర్ సంస్థ తన ప్రతినిధిగా సెంట్ పీటర్స్‌బర్గ్‌కు పంపినది ఈ గుమాస్తానే. రష్యన్ రాకుంటే ఆ అవకాశం ఆయనకు దక్కేది కాదు.

రష్యాలో ఆయన దశ తిరిగింది. 1847లో స్వతంత్ర వర్తకుడైనాడు. నీలిమందుతోపాటు, క్రిమియా యుద్ధకాలంలో సురేకారం, గంధకం, సీసం అమ్మి అపారంగా ఆర్జించాడు. యుద్ధం పుణ్యమా అని వచ్చిన ఈ లాభం గురించి ఆయనకు సంకోచమేమీ ఉన్నట్లు కనిపించదు. 1852లో ఎకతెరీనా అనే రష్యన్ యువతిని వివాహమాడాడు. ముగ్గురు పిల్లలు కలిగారు. భాష కుదిరినంతగా సంసారం కుదరలేదు. ఆమె రష్యా విడిచి రానంది; ఆయన అక్కడ నిలవలేకపోయాడు. 1869లో అమెరికాలో విడాకులు పొంది, అదే ఏడు గ్రీకు యువతి సోఫియాను పెండ్లాడాడు.

గ్రీకు భాషను ఆయన 1856 వరకు కావాలనే దూరంగా ఉంచాడు. దాని మోహంలో పడితే వ్యాపారం మూలబడుతుందని భయం. వ్యాపారం చాలించాక 1864లో దేశాటనకు బయలుదేరి మద్రాసు, కలకత్తా, కాశీ, ఢిల్లీ నగరాలనూ చూశాడు. 1870లో టర్కీలోని హిస్సార్లిక్ దిబ్బను తవ్వనారంభించాడు. అక్కడే ట్రాయ్ ఉందని ఆయనకంటె ముందు ఫ్రాంక్ కాల్వర్ట్ గుర్తించాడు. ఆత్రంలో ష్లీమన్ పై పొరలను చాలావరకు ధ్వంసం చేశాడు. 1873లో దొరికిన బంగారు నగలను ప్రియాం రాజు నిధిగా ప్రకటించాడు గాని, అవి ఆ కాలానికి వెయ్యేళ్లు పూర్వపువని తరువాత తేలింది.

ఆ నిధిని ఆయన 1881లో జర్మనీకి కానుకగా ఇచ్చాడు. 1890 డిసెంబరు 26న నేపుల్స్‌లో మరణించాడు. 1945లో సోవియట్ సేనలు బెర్లిన్ నుంచి ఆ నగలను తరలించాయి. అర్ధశతాబ్ది మరుగున ఉన్న పిమ్మట, 1996లో మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలో అవి ప్రదర్శనకు వచ్చాయి.