వేమన ఏ టైపు మనిషి?

ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే ఆప్టిట్యూడ్‌తో పాటు ఇంకో టెస్ట్ కూడా రాయాల్సి వస్తోంది. నలుగురిలో ఉంటే మీకు హుషారు వస్తుందా, అలసట వస్తుందా? ముందే ప్లాన్ వేసుకుంటారా, అప్పటికప్పుడు చూసుకుంటారా? ఇలాంటి ప్రశ్నలన్నీ అయ్యాక చివర్లో ఒక ముద్ర వేస్తారు. ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్, లేదంటే నాలుగక్షరాల టైపు. అది చూసుకుని, తనది మాట్లాడే టైపు కాదని గ్రూప్ డిస్కషన్‌కి ముందే చేతులెత్తేసేవాళ్లు మీ క్లాసులోనూ ఉంటారు. ఆ ఒక్కరు మీరే కావచ్చు కూడా.

ఇలాంటి ముద్రల్ని ఎలా వాడుకోవాలో నేర్చుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. కదిరి దగ్గర్లో, గాండ్లపెంట మండలంలో కటారుపల్లి అనే ఊరుంది. యోగి వేమన సమాధి ఉన్నది అక్కడే. మనుషుల్ని రకరకాలుగా విడదీసి చూపించినవాళ్లలో మన భాషలో ఆయన్ని మించినవాళ్లు అరుదు. అయితే ఆ పని చేసే ముందు ఆయన ఏం దాటి వచ్చాడో చూడండి.

నగ నేర్పిన పాఠం

వేమన జీవితం మనకు అందింది ఎక్కువగా జనం చెప్పుకునే కథల్లోనే. ఆ కథల ప్రకారం ఆయన కలిగిన రెడ్ల ఇంట పుట్టాడు. కుర్రతనంలో బాధ్యత పట్టలేదు. ఒక వేశ్య మోజులో పడి, ఆమె అడిగిందల్లా తెచ్చి ఇచ్చేవాడు. ఒకరోజు ఆమె ఏకంగా వేమన వదిన ముక్కెరే కావాలంది. వేమన సిగ్గు విడిచి వదినను అడిగాడు. వదిన తిట్టలేదు, తలుపు వేయలేదు. నగ ఇచ్చి ఒక్క షరతు పెట్టింది. ఆమె దీన్ని పెట్టుకునేటప్పుడు కళ్లు పక్కకు తిప్పకుండా పరిశీలనగా చూసి రమ్మంది.

వేమన అలాగే చూశాడు. అన్నాళ్లూ మోజులో కనిపించిన మనిషి వేరు, ఆరోజు కనిపించిన మనిషి వేరు. అంతకంటే ముఖ్యంగా, ఆ మోజులో తాను ఎలా తయారయ్యాడో ఆయనకు కనిపించింది. ఉన్నదాన్ని ఉన్నట్టు, ఉన్న క్షణంలోనే చూడటం ఆయనకు అక్కడ మొదలైందని ఈ కథ చెబుతుంది.

మోసం చేసిన మిత్రుడి పేరు

రెండో కథ ఇంకా గట్టిది. వేమనకు అభిరాముడనే కంసాలి మిత్రుడు ఉండేవాడు. అతను రోజూ గుట్టుగా వెళ్లి లంబికా శివయోగి అనే గురువుకు సేవ చేసేవాడు. ఆ సేవకు ఫలితంగా ఉపదేశం దొరికే రోజు రానే వచ్చింది. సంగతి పసిగట్టిన వేమన ఆరోజు మిత్రుణ్ని కదలనివ్వకుండా చేసి, అతని బదులు తానే వెళ్లి ఉపదేశం పొందాడు.

ఇంటికి వచ్చాక మాత్రం ఆ మోసం ఆయన్ని నిలవనీయలేదు. అభిరాముడి కాళ్ల మీద పడ్డాడు. ఇకపై తాను చెప్పే ప్రతి పద్యంలో అతని పేరు నిలుపుతానని మాటిచ్చాడు. వేమన పద్యాల మకుటం ఎలా పుట్టిందో చెప్పే కథ ఇదే.

ఆ తర్వాత ఇల్లు, ఆస్తి వదిలేసి ఊరూరా తిరిగాడు. చదువుకోని వాళ్లకు కూడా ఒక్కసారి వింటే గుర్తుండే ఆటవెలదిలో పద్యాలు చెప్పాడు. కులం పేరుతో ఎగసిపడేవాళ్లను, మనసు ఎక్కడో పెట్టి చేతులతో మాత్రమే పూజ చేసేవాళ్లను వదలకుండా ఎత్తిపొడిచాడు.

ఆయన చూపిన రకాలు

ఆయన చెప్పిన పోలికలు గుర్తు తెచ్చుకోండి. గట్టిగా మోగే కంచు, చప్పుడు చేయని బంగారం. చూడ్డానికి ఒకేలా ఉండి రుచిలో తేడా తెలిసే ఉప్పు, కర్పూరం. తక్కువ మాట్లాడేవాణ్ని తక్కువవాడిగా ఆయన ఏనాడూ లెక్కగట్టలేదు. మనిషి విలువ తేలేది నడతలోనే అన్నాడు.

అలాగని రకం అంటే తలరాత అని కూడా ఒప్పుకోలేదు. అద్దంలో కొండ చిన్నగా కనిపిస్తుందని గుర్తు చేశాడు. అంటే చోటు మారితే మనిషి కనబడే తీరూ మారుతుంది. సాధనతో గొంతు పదునెక్కుతుందనీ, అలవాటైన నాలుకకు వేప చేదు తెలియదనీ చెప్పాడు. కదిరి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ఇక్కడి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 వేరుశనగ విత్తనమే అందరూ వేసినా, వాన పడిన చేను వేరు, పడని చేను వేరు కదా.

ఇంకో సంగతి గమనించారా? పద్యంలో మూడు పాదాలు లోకం గురించి చెప్పి, నాలుగో పాదంలో తన పేరు తానే పిలుచుకుంటాడు వేమన. ఎదుటివాళ్ల తప్పులు ఎంచేవాళ్లకు తమ తప్పు తెలియదని చెప్పిన మనిషి, వినాల్సిన వాళ్లలో ముందు తననే నిలబెట్టుకున్నాడు. అదే నాలుగో పాదంలో తాను మోసం చేసిన మిత్రుడి పేరూ ఉందని జనం నమ్మకం.

ఈ పద్యాలు వందల ఏళ్లు జనం నాలుక మీద బతికాయి. కడపలో పనిచేసిన ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగి సి.పి.బ్రౌన్ రాతప్రతులు సేకరించి, సుమారు 700 పద్యాలను ఇంగ్లిష్ అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. అప్పట్లో కదిరి కూడా కడప జిల్లాలోదే. 1910లో అనంతపురం జిల్లాలో కలిసింది. 1947లో కె.వి.రెడ్డి తీసిన ‘యోగి వేమన’లో చిత్తూరు నాగయ్య ఆ పాత్ర వేశారు. ఇప్పుడు కడపలో వేమన పేరుతో యూనివర్సిటీ నడుస్తోంది.

మీ టెస్ట్ సంగతి

టైపుల శాస్త్రానికి పునాది వేసింది స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్. ఆయన పుస్తకం 1921లో వచ్చింది. దాన్ని పట్టుకుని క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ 16 టైపుల ఎంబీటీఐ తయారుచేశారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే టైపు వస్తుంది. ఉద్యోగాల ఎంపికకు దాన్ని వాడొద్దని ఆ టెస్ట్ నిర్వాహకులే చెబుతారు. కాబట్టి రిజల్ట్‌ను వేమనలా వాడుకోండి.

• టైపును సాకుగా వాడకండి. ఇంట్రోవర్ట్ అని వస్తే, గ్రూప్ డిస్కషన్‌లో పది మాటల బదులు ఆలోచించిన రెండు పాయింట్లు చెప్పడం మీ పద్ధతి చేసుకోండి. రూమ్మేట్ ముందు రోజూ పది నిమిషాలు సాధన చేయండి.

• ఫ్రెండ్స్‌కి టైపులు అంటగట్టే ముందు మీ పేరు పెట్టి అడగండి. ఈ వారం నేను ఎవరి మాట మధ్యలో తుంచేశాను? ఏ పనిని భయపడి వాయిదా వేశాను? జవాబు నోట్‌బుక్‌లో రాసుకోండి.

• ఇంటర్వ్యూలో ఎదుటివారు అడిగేది పూర్తిగా వినండి. బట్టీ పట్టిన జవాబు మనసులో తిరుగుతుంటే అసలు ప్రశ్న చెవిన పడదు. ఒక్క క్షణం ఆగి, అడిగినదానికే జవాబివ్వండి.

• కంపెనీ టెస్ట్‌లో వాళ్లకు నచ్చే జవాబులు ఊహించి పెట్టకండి. ఒకే ప్రశ్నను మాట మార్చి రెండుమూడు చోట్ల అడుగుతారు. నటన అక్కడ దొరికిపోతుంది.

కదిరి వైపు వెళ్తే కటారుపల్లి చూసి రండి. వెళ్లలేకపోతే మీకు కంఠతా వచ్చిన వేమన పద్యం ఒకటి తీసుకుని, మకుటంలో ఆయన పేరున్న చోట మీ పేరు పెట్టి చదువుకోండి. చిన్నప్పుడు మార్కుల కోసం చదివిన పద్యం ఈసారి మీకు ఏం చెబుతుందో చూడండి.