కణశక్తి రహస్యం విప్పిన మన సుబ్బారావు గారు

ఆత్రేయపురం పూతరేకు తిన్నా, హాస్టల్‌లో పప్పన్నం తిన్నా ఆ తిండిలోని శక్తిని మన కణాలు వాడుకునేది ఏటీపీ అనే పదార్థం రూపంలోనే. దాన్ని కనుగొన్నవారిలో ఒకరు మన గోదావరి బిడ్డ, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇంట్లో పేదరికం. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో ప్యాసయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే బయటికి వచ్చారు. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1922లో అమెరికా చేరారు. ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతినీ, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. మన జిల్లాల్లో బోదకాలు నివారణకు పంచిన డీఈసీ మాత్ర, ఆరియోమైసిన్ మందు ఆయన నాయకత్వంలో వచ్చినవే. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆయన కథ అక్కడితో ఆగినా, ఏటీపీ కథ ఆగలేదు. కణంలో ఏటీపీ ఎక్కువగా తయారయ్యేది మైటోకాండ్రియాలో. అది ఒకప్పుడు స్వేచ్ఛగా బతికిన బాక్టీరియా అనీ, మరో ఏకకణ జీవిలో చేరి అక్కడే స్థిరపడిందనీ 1967లో లిన్ మార్గులిస్ బలంగా వాదించారు. అందుకు పెద్ద సాక్ష్యం మైటోకాండ్రియాకున్న సొంత డీఎన్ఏ. కోట్ల ఏళ్లలో దాని జన్యువులు చాలావరకు కేంద్రకంలోకి వెళ్లిపోయాయి, కొన్ని నశించాయి. మనిషిలో మిగిలినవి 37. రెక్లినోమోనాస్ అనే ఏకకణ జీవిలో 97 ఉన్నట్లు 1997లో తేలింది. అందులో పాత బాక్టీరియా పోలికలు ఇంకా కనిపిస్తాయి. మలేరియా క్రిమి మైటోకాండ్రియాలోనైతే ప్రొటీన్లకు సంబంధించిన జన్యువులు మూడే. మనలో అవి 13.

ఇంకో విశేషం. ఆరియోమైసిన్ బాక్టీరియాలో ప్రొటీన్ల తయారీని అడ్డుకుంటుంది. ఆ జాతి మందులు మోతాదు పెరిగితే మైటోకాండ్రియాలోనూ అదే పని చేస్తాయి. కారణం పాత చుట్టరికమే! సుబ్బారావు గారి రెండు కృషులూ అలా ఒకచోట కలిశాయి.

పరీక్ష తప్పి, పెట్టె సర్దుకుని ఇంటిదారి పట్టాలనుకునే తమ్ముడు మన హాస్టల్‌లో ఎవరైనా ఉంటే, మెట్రిక్ మూడోసారి రాసిన ఈ భీమవరం కుర్రవాడి సంగతి చెప్పండి. ఫీజు కట్టలేకపోతున్న తమ్ముడుంటే, కాకినాడ ధర్మసంస్థ చేసిన సాయాన్ని పూర్వ విద్యార్థులు గుర్తుచేసుకోండి.